ఏన్కూరులో కట్టిన చక్రం

కొత్తగూడెం,
జనవరి 22

సారంగపాణి మామయ్యకు,

మీ మేనకోడలు మూడో స్థానంలో వచ్చింది. ముందు ఆ ముక్క చెప్పేస్తే మిగతాది నింపాదిగా చదువుకుంటారని మొదట్లోనే రాశాను.

ఆదివారం ఖమ్మంలో ముప్ఫై అయిదేళ్లు దాటిన ఆడవాళ్ల సైకిల్ పోటీ జరిగింది. నలభై కిలోమీటర్లు. ఇరవై ఇద్దరం బయలుదేరాం. నా ముందు వచ్చిన ఇద్దరూ హైదరాబాద్ వాళ్లు. వాళ్ల సైకిళ్లను ముట్టుకోవడానికే నాకు భయమేసింది. అయిపోయాక వాళ్ల కోచ్ నా దగ్గరికొచ్చి ఏం పని చేస్తానని అడిగాడు. బొగ్గు గని ల్యాంపు రూములో చేస్తానని, గనిలోకి దిగే కార్మికులకు టోపీ దీపాలు ఇచ్చి, పైకొచ్చాక లెక్క చూసి తీసుకుంటానని చెప్పాను. "షిఫ్టు చేసుకుంటనే గిట్ల తొక్కుతున్నవా! మార్చిల ఒకటి, ఏప్రిల్‌ల ఒకటి రాష్ట్ర సెలెక్షన్లు ఉన్నయి. దేంట్లనన్న మొదటి ఇద్దర్ల ఉంటే జాతీయ పోటీకి పోవచ్చు. ఈసారి ఎండలని సైకిల్ మూలకు పెట్టకమ్మా" అన్నాడు.

మీకు తెలుసు కదా, ఏటా శివరాత్రితో నా సీజన్ అయిపోతుంది. ఎండ ముదరగానే సైకిల్‌కు దుప్పటి కప్పేస్తాను. ఈసారి ఏప్రిల్ చివరిదాకా లాగుదామనుకుంటున్నాను. నాకు ముప్ఫై ఆరేళ్లు. వచ్చే ఏడాది ఇంతకంటే బాగా తొక్కుతానని చెప్పుకోవడానికి ధైర్యం చాలడం లేదు. మా ఆయన వాసు సరేనన్నాడు. "వంట నేను చూసుకుంట. కూరకు వంక పెడితే మాత్రం ఊకోను" అన్నాడు.

చిక్కు ఒక్కటే. వెనక చక్రం పని అయిపోయింది. కొత్త రిమ్ము, స్పోకులు తెప్పించుకున్నాను. ఇక్కడ కట్టేవాళ్లు లేకపోలేదు. కానీ నాకు మీ చెయ్యి కావాలి. పన్నెండేళ్లప్పుడు పాల్వంచ క్వార్టర్ల మధ్య సీటు పట్టుకుని నా వెనక పరుగెత్తింది మీరే. ఎక్కడ వదిలేశారో ఇప్పటికీ చెప్పలేదు. సామానంతా భీమ్లా అన్న బస్సులో పంపనా?

ఫోన్ చేస్తే మీకు వినపడదు. వాట్సాప్‌లో నేను పేజీ రాస్తే మీరు ఒక బొటనవేలి బొమ్మ పంపుతారు. అందుకే ఈ ఉత్తరాలే నయం.

అత్తమ్మ బాగుందనుకుంటాను.

మీ
రోజారాణి


ఏన్కూరు,
జనవరి 30

మూడో స్థానపు మేనకోడలికి మామ రాసేది.

సామాను అందింది. కండక్టర్ భీమ్లా నీ రిమ్మును దండలా మెడలో వేసుకుని బస్సు దిగాడు. మిర్చి కోతకు వెళ్తున్న కూలీలంతా నిలబడి నవ్వారు.

శివరాత్రి తర్వాత కూడా తొక్కుతాననడం నాకు నచ్చింది. తొక్కు. కాళ్లు ఉన్నప్పుడే తొక్కాలి.

చక్రం సంగతి నాకు వదిలెయ్. థర్మల్ స్టేషన్ టర్బైన్ల పక్కన ముప్ఫై ఒక్క ఏళ్లు చేశాను. ఇనుప చువ్వ ఒక కొస బేరింగుకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుంటే ఏది అరిగిందో, ఏది ఎండిపోయిందో చెప్పేవాణ్ణి. ఇంజినీర్లు మీటర్లు చూసి తల గోక్కుంటూ "సారంగపాణిని పిలువుండ్రి" అనేవాళ్లు. ఆ మోతే నా చెవులను తినేసింది. మనుషుల మాట దూరమైంది కానీ ఇనుము మాట ఇంకా వినిపిస్తుంది. రిమ్ము వంకర తీయడం కళ్లున్న ఎవడైనా చేస్తాడు. స్పోకు పుల్లలు ఒక్కొక్కటీ మీటి, అన్నీ ఒకే బిగువులో ఉన్నాయో లేదో వినడం అసలు పని. అది నీ మామ పని.

ఇక మీ అత్త. సైకిల్ పేరెత్తితే "ఆ బొగ్గు లారీల నడుమల పిల్లను తోలుతున్నవు. ఏమన్నయితే ఆ పాపం ఎవ్వలది?" అంటుంది. అంటుందని ఆమె మొహం చూసి నాకు తెలుస్తుంది. రెండేళ్ల కింద మా ఇంట్లో నిశ్చితార్థంలో నీ సైకిల్ బట్టల మీద పదిమంది ముందు ఆమె అన్న మాట నువ్వు మర్చిపోలేదు. అప్పటి నుంచి మా గడప తొక్కలేదు. నేను మీ ఇద్దరి మధ్యా నా చెవుడును బాగా వాడుకుంటున్నాను.

ప్రస్తుతం ఆమెకు సైకిళ్లను తిట్టే తీరిక కూడా లేదు. శ్రీరామనవమికి భద్రాచలం పంపే తలంబ్రాల కోసం వీధి ఆడవాళ్లతో కూర్చుని వడ్లు గోటితో ఒలుస్తోంది. ఒక్క గింజ విరగకూడదట. అందుకని గోళ్లు పెంచింది. ఆ చేతులు ఊపుతూ మాట్లాడుతుంటే నేను రెండడుగులు దూరంగా కూర్చుంటున్నాను.

నీ మామ,
సారంగపాణి


కొత్తగూడెం,
ఫిబ్రవరి 25

మామయ్యా,

చక్రం ఎంత బాగుందో! తిప్పి వదిలితే ఆగడం మర్చిపోయింది. వాసు దాని ముందు కూర్చుని చాలాసేపు చూశాడు.

రేపు శివరాత్రి. ఉపవాసం ఉంటాను కానీ సైకిల్‌కు దుప్పటి కప్పను. సెకండ్ షిఫ్టు ఉన్న రోజుల్లో తెల్లారగానే పాల్వంచ మీదుగా భద్రాచలం బ్రిడ్జి దాకా వెళ్లి, గోదావరి చూసి వెనక్కి తిరుగుతున్నాను. అడవి దాటేదాకా చల్లగానే ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడే కష్టం. రోడ్డు మీద నుంచి సెగ మొహానికి కొడుతుంది.

మామయ్యా, ఇది నా ఒక్కదాని పని కాదని రోజురోజుకూ తెలుస్తోంది. నాతో చేసే నిర్మలాదేవక్క ఇప్పటికి నాలుగుసార్లు నా బదులు పొద్దుటి షిఫ్టు చేసింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. అయినా "నాకు నడవనీకనే రాదు, నా తరఫున నువ్వు తొక్కు" అంటుంది. ల్యాంపు రూములో దీపాల లెక్క రాసే బోర్డుకు ఓ మూల నేను ఆ రోజు తొక్కిన కిలోమీటర్లు సుద్దతో రాస్తున్నాను. రాయకపోతే గోపాలన్న దీపం తీసుకోడు. "నిన్న ఎనభై, ఇయ్యాల సున్నానా? ఏంది రోజమ్మా, పానం బాగలేదా?" అని కిటికీ దగ్గరే నిలబడతాడు. వెనక లైను ఆగిపోతుంది. భూమి కింద ఎనిమిది గంటలు చేసే మనుషులు నా గురించి ఆలోచిస్తున్నారంటే సున్నా రాయడానికి చెయ్యి రావడం లేదు.

చక్రం ఎక్కుడులో ఒక్కోసారి టిక్కుమంటోంది. కొత్తది కదా, సర్దుకుంటుందేమో.

మొన్న జూలూరుపాడు దాకా వచ్చాను. ఇంకాస్త తొక్కితే మీ ఇల్లే. తొక్కకుండా వెనక్కి తిరిగాను. కోప్పడకండి.

రోజా


ఏన్కూరు,
మార్చి 8

రోజా బిడ్డకు,

టిక్కు గురించి దిగులొద్దు. కొత్త స్పోకులు కుదురుకునేటప్పుడు అలాగే అంటాయి. ప్రతి పుల్లనూ రెండుసార్లు మీటి, విని పంపాను. పాల్వంచలో నేను బాగుందన్న బేరింగు ఒక్కటి కూడా నడిమధ్య ఆగలేదు. నా చెవి మీద భరోసా పెట్టుకుని వెళ్లు.

పదహారో తారీఖు, నీ సెలెక్షన్ రోజు, నేను పొద్దున్నే లేచి కూర్చుంటాను. ఆ నిర్మలాదేవి గారికి నా నమస్కారాలు చెప్పు.

మామ


కొత్తగూడెం,
మార్చి 18

మామయ్యకు,

ఆదివారం అనుకున్నట్టు జరగలేదు. అరవై కిలోమీటర్లలో నలభై రెండో కిలోమీటరు దగ్గర పిక్క పట్టేసింది. అప్పటిదాకా రెండో స్థానంలోనే ఉన్నాను. పూర్తి చేయలేకపోయాను.

చక్రం బాగా నడిచింది.

ఏప్రిల్ 27న అదే రోడ్డు మీద రెండో సెలెక్షన్ ఉంది. అదే ఆఖరు. షిఫ్టుకు వేళయింది, ఎక్కువ రాయలేను.

రోజా


ఏన్కూరు,
మార్చి 25

బిడ్డా,

పిక్క పట్టలేదు. మూడు పుల్లలు తెగాయి. నాకు తెలిసింది.

నీ ఉత్తరం ఇవ్వడానికి వచ్చి భీమ్లా మీ అత్తకు చెప్పాడట. "రోజక్క మొన్న ఖమ్మం నుంచి మన బస్సులనే వచ్చింది పెద్దమ్మా. సైకిల్ వెనక చక్రం చూస్తే మూడు పుల్లలు తెగి ఉన్నయి. దారి పొడుగూత ఏడ్సుకుంట కూసున్నది. ఏన్కూరుల దిగుతవా అంటే వద్దని తల ఊపింది." నేను పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాను. ఒక్క ముక్క నా చెవిన పడలేదు.

మీ అత్త వెంకమ్మ వెంటనే నాతో అనలేదు. నాలుగు రోజులు నన్ను గమనించింది. అయిదో రోజు గోడకున్న నా పాత సైకిల్ చక్రం దించి ఎదురుగా పెట్టుకుంది. గోటితో ఒక పుల్ల మీటి, పక్కది మీటి, ఏది బిగువో చెప్పమని సైగ చేసింది. చెప్పాను. తల అడ్డంగా ఊపింది. ఎనిమిదిసార్లు అడిగితే అయిదు తప్పాను. తర్వాత కళ్లు మూసుకోమంది. తెరిచేసరికి నా వెనక స్టీలు బిందె నేల మీద దొర్లుతోంది. అది పడినట్టే నాకు తెలియలేదు. అప్పుడు భీమ్లా చెప్పిందంతా కాగితం మీద రాసి చూపించింది.

నీకు అబద్ధం చెప్పలేదు బిడ్డా. నాకు నేనే చెప్పుకున్నాను. ముప్ఫై ఏళ్లు విన్న చెవి కదా, వేలు పుల్లను మీటగానే నా తల ఆ చప్పుడును తనే తయారు చేసి వినిపించింది. నేను విన్నాననే అనుకున్నాను. అందుకే రిమ్ము చూడ్డానికి తిన్నగా ఉంది, పుల్లల బిగువు మాత్రం తలా ఒక తీరుగా ఉంది. వదులువి వదులవుతూ పోతే భారమంతా బిగువు వాటి మీద పడి తెగిపోయాయి. నువ్వు టిక్కుమంటోందని రాసినప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది.

అది దిగుడులో తెగి ఉంటే? నీ వెనక లారీ ఉండి ఉంటే? వెంకమ్మ ఇన్నాళ్లూ భయపడుతున్నది నా చేతుల మీదుగా జరిగేది. ఆ ఆలోచన వచ్చినప్పటి నుంచి అన్నం సయించడం లేదు.

తప్పు నాది. నన్ను క్షమించు. ఆఖరి సెలెక్షన్‌కు హైదరాబాద్‌లో మంచి మెకానిక్ దగ్గర కట్టించుకో. పుల్లలు బిగించే నా కీ నీకే పంపుతున్నాను. నాకిక దానితో పని లేదు.

సారంగపాణి


కొత్తగూడెం,
మార్చి 29

మామయ్యా,

కీ తిప్పి పంపుతున్నాను. తెగిన చక్రం, కొత్త పుల్లలు కూడా భీమ్లా అన్నకు ఇచ్చాను. పారెయ్యకండి.

అవును, అబద్ధం రాశాను. మీకు కోపమొచ్చినా మంచిదే. ఇనుము మాట వినిపిస్తుందని మీరు అంత మురిపెంగా రాశారు. అది కూడా లేదని నా చేత్తో ఎలా రాయను? నాకు కోపం రాలేదంటే అదీ అబద్ధమే. రోడ్డు పక్కన తుమ్మచెట్టు కింద కూర్చుని ఒక పది నిమిషాలు మిమ్మల్ని బాగా తిట్టుకున్నాను. ఒక్కొక్కరే నన్ను దాటుకుంటూ పోతుంటే ఇంకా తిట్టాను. తర్వాత పాల్వంచ గుర్తొచ్చింది. డ్యూటీ దిగి, ఆ నూనె బట్టలతోనే నా సీటు పట్టుకుని పరుగెత్తేవారు. నాన్న పోయిన ఏడాది అది. నన్ను ఇంట్లో కూర్చోనివ్వకుండా రోజూ బయటికి లాక్కొచ్చింది మీరు ఒక్కరే. ఆ చేతులు కట్టిన చక్రం ఒకసారి తెగితే ఏమైంది మామయ్యా?

హైదరాబాద్ వెళ్లను. చక్రం మీరే కట్టాలి. మీ చేతికి, కంటికి ఏమీ కాలేదు. పక్కన వినేవాళ్లను ఎవరినైనా కూర్చోబెట్టుకోండి. స్కూలు రామకృష్ణ మాస్టారైనా సరే, ఎదురింటి వాళ్లైనా సరే. ఏప్రిల్ 20కి నాకు చక్రం కావాలి. పాతది వేసుకుని ఇప్పటికి నెట్టుకొస్తాను.

ఒక్క మాట. నేను బస్సులో ఏడ్చానని తెలిసి అత్తమ్మ ఇంత చేసిందా? నా సైకిల్ పేరు వింటేనే గిట్టదనుకున్నాను. ఆమె ఏమనుకుంటోందో నాకు తెలియడం లేదు.

రోజా


ఏన్కూరు,
ఏప్రిల్ 14

రోజా బిడ్డకు,

చక్రం ఈ బస్సులోనే వస్తోంది. ఎవరి చెవి పెట్టామో విను.

నీ ఉత్తరం నాకంటే ముందు మీ అత్త చదివింది. నేను రామకృష్ణ మాస్టారి ఇంటికి బయలుదేరుతుంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. నాకు అర్థం కావాలని పెదవులు విప్పి విప్పి, గట్టిగా అంది. "యాడికి పోతున్నవ్? ఇంట్ల మనిషి లేదా? నువ్వు తిప్పు, నేను చప్పుడు ఇంట."

నవమి అయిపోయింది. వీధి వాళ్ల బియ్యం భద్రాచలం చేరింది. ఆడవాళ్లంతా గోళ్లు తీసేసుకున్నారు. మీ అత్త మాత్రం కుడి బొటనవేలి గోరు ఉంచుకుంది. ఎందుకని అడిగితే చక్రం వైపు చూపించింది.

రెండు రోజులు పట్టింది. నేను కీ తిప్పడం, ఆమె మీటడం. వదులైతే అరచెయ్యి కిందికి, బిగువైతే పైకి. మొదట్లో "కుడి పక్క ఒక తీరు, ఎడమ పక్క ఒక తీరు పలుకుతున్నయేంది?" అని నన్ను నిలదీసింది. వెనక చక్రానికి అలాగే ఉండాలని, ఏ పక్కవి ఆ పక్క కలిస్తే చాలని కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. చెప్పకుండానే ఆ తేడా పట్టిందంటే నాకు ఎంత సంతోషమేసిందో! నా సర్వీసులో అలాంటి చెవి ఉన్న కుర్రాళ్లను ఇద్దరిని చూశానేమో. నలభై ఏళ్లుగా అది నా వంటింట్లోనే ఉందని నాకు తెలియలేదు.

ఇరవై ఎనిమిది పుల్లలు. పూర్తయిందని నేను లేచినప్పుడల్లా ఏడింటినో ఎనిమిదింటినో మళ్లీ తిప్పించింది. "గింజ యాడ ఇరుగుతదో గోటికి తెలుస్తది. గిదీ గంతే. పిల్ల దీని మీద కూసుంటది, ఇంకోపారి చూద్దాం" అంది. ఏ ఇంజినీరూ నన్ను ఇన్నిసార్లు తిప్పించలేదు.

నీ బట్టల గురించి ఏమీ అనలేదు. ఎండకు చేతులు కమిలిపోతాయి, నిండు చేతులది తొడుక్కోమని మాత్రం అంది. లారీల భయం ఆమెకు పోలేదు. అందుకే ఇంత గట్టిగా చూసింది.

ఈసారి భరోసా నా చెవిది కాదు కాబట్టి ధైర్యంగా ఇస్తున్నాను.

మామ


కొత్తగూడెం,
ఏప్రిల్ 29

వెంకమ్మ అత్తమ్మకు, ఆ తర్వాత సారంగపాణి మామయ్యకు,

రెండో స్థానం. వెళ్తున్నాను అత్తమ్మా, జాతీయ పోటీకి వెళ్తున్నాను!

నలభై రెండో కిలోమీటరు రాయి కనిపించగానే నా ప్రాణం నా దగ్గర లేదు. తుమ్మచెట్టు అక్కడే ఉంది. చెవులు రెండూ వెనక చక్రం మీదే పెట్టాను. టిక్కు లేదు, ఏమీ లేదు. గాలి చప్పుడు తప్ప ఏదీ వినపడలేదు. అది దాటాక నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తొక్కాను. ఆఖరి మూడు కిలోమీటర్లు ఎండకు కళ్లు బైర్లు కమ్మాయి. వెనకొచ్చిన ఆమెకూ నాకూ తొమ్మిది సెకన్లే తేడా. గీత దాటి, దిగి, అందరూ నీళ్ల కోసం పరుగెత్తుతుంటే నేను వంగి చక్రం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. కోచ్ వచ్చి ఎవరు కట్టారని అడిగాడు. "మా అత్తమ్మ, మామయ్య" అన్నాను. దుకాణం ఎక్కడని అడిగాడు. ఏన్కూరు అన్నాను. రాసుకున్నాడు!

నిన్న ల్యాంపు రూముకు వెళ్లేసరికి గోపాలన్న బోర్డు నిండా '2' అని రాసి ఉంచాడు. నిర్మలాదేవక్క నన్ను పట్టుకుని వదల్లేదు. ఈ నాలుగు నెలల్లో నా కోసం పదకొండు షిఫ్టులు చేసింది. ఆమె కాళ్లు పట్టుకోబోతే "మోకాళ్ల మీద చెయ్యి పెట్టకు, నొస్తయి" అని నవ్వించింది.

అత్తమ్మా, రెండేళ్లు మీ గడప తొక్కలేదు. మీ మాట నొప్పించింది, నిజమే. కానీ దాని వెనక భయం ఉందని మామయ్య రాసినా నేను చదివీ చదవనట్టు ఊరుకున్నాను. ఆ పంతం నాది. జూలూరుపాడులో వెనక్కి తిరిగినప్పుడల్లా మీ చేతి పప్పుచారు గుర్తొచ్చేది. మీకు ఎంత రుణపడ్డానో రాయడం నాకు చేతకావడం లేదు.

ఈ ఆదివారం సైకిల్ మీదే వస్తాను. బట్టలు అవే. చేతులు మాత్రం నిండుగా ఉంటాయి.

జాతీయ పోటీ తేదీ ఇంకా చెప్పలేదు. వానలు వెళ్లాక ఉండొచ్చంటున్నారు. అంటే ఈ ఏడు నా సీజన్‌కు ముగింపే లేదన్నమాట.

మీ
రోజా


ఏన్కూరు,
మే 2

రోజాకు అత్తమ్మ రాసేది.

చెప్పి రాయిద్దామంటే మీ మామకు ఇనపడదు. అందుకే నేనే రాస్తున్న. ఏడో తరగతి చదివిన చెయ్యి, తప్పులుంటే నవ్వకు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివిన. మీ మామ ఆరుసార్లు చదివిండు. తెల్లారంగనే పోయి పప్పుచారుకు కొత్త చింతపండు తెచ్చిండు, నువ్వొస్తవని. ఆదివారం ఇంక రెండు దినాలున్నది.

ఆ దినం నలుగుర్ల నిన్ను అట్ల అనకపోవాల్సింది. లోపలికి పిలిచి చెప్పాల్సిన మాట. నీ మీద ప్రేమ లేక కాదు బిడ్డా. మీ నాయిన పోయినప్పుడు నిన్ను నా ఒళ్లె పండుకోబెట్టుకున్న. లారీ చప్పుడు ఇంటే నాకు నువ్వే కండ్లల్ల మెదులుతవు.

ఏ బట్టలేసుకుంటవో ఏసుకో. పొద్దుగాల జల్దీ బయలెల్లు, ఎండ పడకముందే రా. చక్రం గూడ తీసి చూస్తా. అన్ని కిలోమీటర్లు తొక్కినవ్, యాడన్న వదులైందేమో.

పోటీ యే నెలల ఉన్నదో తెలిసినంక నాకు రాయి. అందాక ఈ బొటనేలు గోరు తియ్యను. అన్నం కలుపుకునేటప్పుడు అడ్డమొస్తున్నది, అయినా మంచిదే.

మీ అత్తమ్మ
వెంకమ్మ